పెట్టిన పని, వచ్చిన పని

తెలుగులో బాల్య జ్ఞాపకాల రాతలకు ఎప్పుడూ గిరాకీ ఉంది. ఆదివారం అనుబంధాల్లో, అభినందన సంచికల్లో, రిటైరైన సార్లు అచ్చువేసుకున్న పుస్తకాల్లో ఒకే మాట తిరిగి తిరిగి వస్తుంటుంది. మా కాలంలో పదేండ్ల పిల్లగాడు ఎడ్లు కట్టి బండి తోలేవాడు, పదేండ్ల పిల్ల ఇంటెడు మందికి వండిపెట్టేది, బాధ్యత అంటే ఏమిటో అప్పుడే తెలిసేది, ఇప్పటి పిల్లలకు ఏ పనీ చేతకాదు అని. చదువుతుంటే నిజమే కదా అనిపిస్తుంది. నేనూ ఇద్దరు పిల్లల తల్లినే. నా బిడ్డకు చాటతో బియ్యం చెరగరాదు.

కాని ఆ రాతల్లో నేను వేరే సంగతి వెతుకుతుంటాను. అవి ఎవరి ఎడ్లు? ఎవరి బండి? ఆ పిల్లగాడు ఆ పని నేర్చుకున్నాడా, ఆ పనికి పెట్టబడ్డాడా? పొద్దుగూకినంక ఎక్కడ కూచొని, దేంట్ల తిన్నాడు? రాసినాయనకు ఈ ప్రశ్నలు రావు. ఎడ్లు ఆయన నాయినవే కాబట్టి అడగాల్సిన అవసరం పడలేదు. ఆయన బండి మీద కూచున్నప్పుడు పక్కన ఇంకో పిల్లగాడు ఉండే ఉంటాడు. పెండ తీసినవాడు, గడ్డి వేసినవాడు, ఎడ్లను పట్టుకొచ్చి కాడి కింద నిలబెట్టినవాడు. వాడు జ్ఞాపకాల్లో 'మా జీతగాడు'. అంతకు మించి పేరుండదు.

మాది ఎల్లారెడ్డి దిక్కు ఊరు. అప్పుడు నిజామాబాదు జిల్లా, 2016 అక్టోబరు నుంచి కామారెడ్డి జిల్లా. మంజీర మీద నిజాంసాగర్ కట్టింది మాకు దగ్గర్లనే. 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేసిన్రు. ఆ కాలువ నీళ్లు బాన్సువాడ, బోధన్ దిక్కు పోయినయి. చెరుకు అక్కడ పండింది, చక్కెర ఫ్యాక్టరీ అక్కడ లేచింది. మా ఊరికి చెరువే దిక్కు. చెరువు కింద పొలాలు పటేండ్లవి. తూము కాడ నీరడి పని మాల ఇండ్లది. తోలు పని, డప్పు పని, సావు కబురు మాదిగ ఇండ్లది. జీతాలు రెండు వాడలవీ.

మా అన్న ఎనిమిదేండ్లకు జీతం కుదిరిండు. ఉగాది నాడు కుదురుడు, మళ్లీ ఉగాది దాకా ఆ ఇంటి మనిషి. అంతకుముందు మా నాయిన ఆ ఇంట్ల అప్పు తీసుకున్నడు కాబట్టి, అప్పు ఎంత తీరిందో పటేలుకే ఎరుక కాబట్టి, అది ఒక ఉగాదితో పోలేదు. 'పోరడు ఇంట్ల ఉంటె ఏం తింటడు, పటేలింట్ల గింత గట్కన్న దొరుకుతది' అన్నది మా అవ్వ. ఈ మాటను ఇప్పటి రచయితలు తల్లి కఠినత్వంగా రాస్తరు, లేదంటే తల్లి త్యాగంగా రాస్తరు. అది రెండూ కాదు. అది లెక్క. ఇంట్ల నలుగురు పిల్లలకు ఉన్న జొన్నలెన్నో చూసి వేసిన లెక్క.

పన్నెండేండ్లు వచ్చేసరికి మా అన్నకు ఏమేం వచ్చునో చెప్పమంటే పుస్తకం అయితది. నలభై గొడ్లను అంకెలు రాకుండానే లెక్కపెట్టేవాడు. కర్రెది, బొల్లిది, మైలది, కొమ్ము విరిగింది అని మనసుల ఒక వరుస ఉండేది. ఆ వరుసల ఒకటి తక్కువైతే మంద చూడంగనే తెలిసేది. ఆవు ఈనేముందు ఒక దిక్కుకు పోయి నిలబడే తీరు తెలుసు. గొడ్డు కడుపుబ్బితే ఎటు దిక్కు తట్టాలో తెలుసు. ఏ మడికి ఎన్నడు నీళ్లు పెట్టింది, ఏ ఒడ్డుకు ఎండ్రికాయ బొక్క పడ్డది, ఏ గెట్టు కాడ ఎవరికి పంచాయితీ ఉన్నది, అన్నీ నోటికి వచ్చు. తూము కాడి నీరడాయన కొడుకు, మా అన్న ఈడోడే. ఇద్దరు కలిసి రాత్రి పూట లాంతరు లేకుండ కాలువ పొంటి నడిచి, నీళ్ల సప్పుడు విని గండి ఎక్కడ పడ్డదో పట్టేటోళ్లు. ఊరి పొలాలన్నిటికి నీళ్లు పంచే నీరడి పిల్లగాడు, ఊరి బావిల చేద వేస్తె మాత్రం కొట్టేటోళ్లు. ఈ రెండు మాటలు పక్కపక్కన పెట్టకుండా 'ఆనాటి పిల్లల నీటి పరిజ్ఞానం' అని ఎవరన్న రాస్తే ఆ రాత అబద్ధం.

ఇక తోలు పని. మా నాయిన కాలంకే అది సగం పోయింది. మోట బొక్కెనలు, తొండాలు, కాడికి వార్లు, చెప్పులు. కరెంటు మోటర్లు వచ్చినంక మోట పోయింది, మోటతోటి బొక్కెన పోయింది. కాని నా చిన్నప్పుడు లంద ఇంకా ఉన్నది. తోలును సున్నం నీళ్ల నానబెట్టి బొచ్చు గీకుడు, తంగేడు చెక్క దంచి ఆ నీళ్ల ఊరబెట్టుడు. తంగేడు చెక్క తెచ్చుడు పిల్లల పని. ఏ కొమ్మ చెక్క ముదిరింది, ఏది లేతగ ఉన్నది అని గోరుతో గిచ్చి చూసేటోళ్లం. లంద వాసన పట్టి చెక్క ఇంకా చాలదు, చాలింది అని మా నాయిన చెప్తుంటే, కొన్నాళ్లకు నాకు కూడా ముక్కుకు తెలిసేది. డప్పుకు మేకతోలు సాగదీసి, చింతగింజల అంబలి రాసి, పలకకు అతికించుడు, చిర్ర ఏ చేతికి, చిటికెన పుల్ల ఏ చేతికి, మంట మీద ఎంతసేపు కాస్తే ఏ గొంతు పలుకుతది, ఇదంతా మగపిల్లలకు నడకతోపాటే వచ్చేది. ఇది విద్య. ఇందులో రసాయనం ఉంది, సంగీతం ఉంది. అదే లంద వాసన నా బట్టలకున్నదని నేను చదివిన బడిలో నన్ను తలుపు కాడ కూచోబెట్టిన్రు. ముక్కుకు తెలిసిన విద్యకు దొరికిన గుర్తింపు అది.

సావు కబురు సంగతి ఎవరూ రాయరు. ఊర్ల పెద్ద కులాల ఇంట్ల మనిషి పోతే చుట్టాల ఊర్లకు కబురు పట్టుకపోవుడు మా పిల్లల పని. పదకొండు పన్నెండేండ్ల పోరలు పది, పదిహేను మైళ్లు రాత్రి పూట నడిచేటోళ్లు. తోవ తెలియాలె, ఊరి పేర్లు యాదుండాలె, పోయినోళ్ల పేరు, మట్టి ఎప్పుడో తప్పులేకుండ చెప్పాలె. చెప్పినంక ఆ ఇంటోళ్లు ఏడుస్తుంటే, కబురు తెచ్చినోడు గడప బయట నిలబడి, ఏమన్న పెడితే తిని, పెట్టకుంటే మంచినీళ్లన్న అడుక్కోని తిరిగి రావాలె. బాధ్యత అంటే ఇంతకన్న పెద్ద బాధ్యత ఏ పిల్లగాడు మోసిండు? కాని మన వ్యాసాల్లో బాధ్యత అనే మాట పటేలు కొడుకు పొలానికి సద్ది పట్టుకపోయినప్పుడే కనిపిస్తది.

తెలుగు సాహిత్యంలో పిల్లవాడు అంటే అందరికీ ముందు యాదికొచ్చేది బుడుగు. ముళ్లపూడి వెంకటరమణ రాసి, బాపు బొమ్మ గీసిన బుడుగు 1950ల నుంచి ఇప్పటిదాకా తెలుగు బాల్యానికి చిరునామా. నేను కూడా నవ్వుకుంటనే చదివిన, అబద్ధమెందుకు. కాని బుడుగు పని అల్లరి. ప్రైవేటు మేష్టార్లను పారదోలడం అతని పోరాటం. మేష్టారు ఇంటికే వచ్చి చదువు చెప్తానంటే వద్దనగలిగే పిల్లవాడి హాస్యం అది. బడి గడపలోకి రానియ్యని పిల్లవాడికి ఆ హాస్యం ఎట్ల అందుతది? బుడుగును తప్పుపట్టడం లేదు. బుడుగు ఒక కులం బాల్యం, ఒక వర్గం బాల్యం. దాన్ని తెలుగు బాల్యం అని పిలిచిన విమర్శకులనే అడుగుతున్నాను.

జీతగాడిని కథానాయకుడిని చేసిన రచనలు లేకపోలేదు. బోయి భీమన్న 'పాలేరు' నాటకం పాలేరు పిల్లవాడు చదువుకొని అధికారి కావడాన్ని చూపించింది. దాని మేలు దానిది. అది చూసి బడి బాట పట్టిన తరం ఉంది. కాని ఆ నాటకానికి తప్పించుకోవడం ముఖ్యం. పాలేరు చేతుల్లో ఉన్న పని ఏమిటి, అది ఎవరి ఆస్తిని పెంచింది అన్న లెక్క దానికి ముఖ్యం కాదు. ఆ లెక్క మన భాషలో, మన నుడికారంలో తీయడానికి చాలా ఏండ్లు పట్టింది. 2000లో వేముల ఎల్లయ్య 'కక్క' వచ్చినప్పుడు నల్లగొండ మాదిగ మాటను నవల మోయగలదని తెలిసింది. భాష అర్థం కాలేదని అప్పట్లో సణిగిన పండితులకు నేను చెప్పేదొకటే. మాకు మీ ప్రబంధాలు అర్థమయినాయా? నిఘంటువు పెట్టుకొని చదవలేదా?

కంచ ఐలయ్యతో నా పేచీ కొంచెం వేరు. 1996లో ఇంగ్లీషులో వచ్చి, తెలుగులో 'నేను హిందువునెట్లయిత' అయిన పుస్తకంలో ఆయన బాల్యం నుంచే మొదలుపెట్టిండు. ఉత్పత్తి కులాల పిల్లలు పనిలోనే భాష నేర్చుకుంటరని, ఆ పని ఒక జ్ఞానమని గట్టిగ చెప్పిండు. 2007లో పిల్లల కోసం ఆయన ఇంగ్లీషులో రాసిన శ్రమగౌరవం పుస్తకం, దుర్గాబాయి వ్యాం బొమ్మలతోటి వచ్చింది. కుమ్మరి, చాకలి, తోలుపని, వ్యవసాయం, ఒక్కో పనిలో ఉన్న శాస్త్రం ఏందో పిల్లలకు చెప్తది. ఆ పుస్తకం ప్రతి బడిలో ఉండాలె. తంగేడు చెక్కలో రసాయనం ఉందని నాకు చిన్నప్పుడు ఎవరన్న చెప్పి ఉంటే తలుపు కాడ కూచున్నప్పుడు తల దించుకునేదాన్ని కాదు.

అయినా అది పిల్లలకు పనిని పరిచయం చేసే పుస్తకం. పని చేసిన పిల్లల పుస్తకం ఇంకా రాయవలసే ఉన్నది. గొర్ల మంద ఇంటిదైతే గొర్లు కాసిన పిల్లగాడికి మందల ఒక గొర్రెపిల్ల తనదని చెప్పుకునే వీలుంటది. మా అన్న కాసిన నలభై గొడ్లల ఒక్క దూడ కూడ మాది కాదు. జ్ఞానం ఒక్కటే, కాని ఆ జ్ఞానం ఎవరి కొట్టంల ఉన్నదన్నది తేడా. ఇది నేను బీసీ, దళితుల మధ్య తగాదా పెట్టడానికి అంటలేను. శ్రమను గౌరవించమనే మాటను మనం ఎక్కడ ఆపాలో తేల్చుకోవడానికి అంటున్నా.

ఎక్కడ ఆపాలో మా ప్రాంతపు ఓటర్లకు తెలిసిన ఒక మనిషి బతుకు చూపిస్తది. టి.ఎన్. సదాలక్ష్మి 1957లో కామారెడ్డి నుంచి, 1962లో ఎల్లారెడ్డి నుంచి శాసనసభకు గెలిచింది. దేవాదాయ శాఖ మంత్రిగా, శాసనసభ ఉపసభాపతిగా కూడా పనిచేసింది. ఆమె పుట్టింది 1928లో, బొల్లారంలో, మెహతర్ కులంలో. మలం ఎత్తే పనిని తరతరాలుగా నెత్తిన పెట్టిన కులం. గోగు శ్యామల ఆమెతో, ఆమె చుట్టున్నవాళ్లతో మాట్లాడి కూర్చిన 'నేనే బలాన్ని' 2011లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. మా కార్యకర్తలు, విద్యార్థులు దాన్ని చదవకుండా దళిత రాజకీయాల గురించి మాట్లాడొద్దు.

ఆమె వర్ధంతి సభలల్ల ఒక మాట వింటుంటాను. చిన్నతనం నుంచే కష్టం తెలిసిన మనిషి కాబట్టి అంత ఎత్తుకు ఎదిగింది అని. నేను ఒప్పుకోను. కష్టం తెలియడమే మంత్రిని చేసేదైతే ఆ వాడలోని ప్రతి ఆడపిల్లా మంత్రి కావాలె. ఆమె చేతికి చీపురు, తట్ట రాకుండా బడి వచ్చింది, బడి తర్వాత కాలేజీ వచ్చింది. పని నేర్పడం వల్ల కాదు, ఆ పని తప్పడం వల్ల సదాలక్ష్మి మనకు దొరికింది. గుడి గడప తొక్కనియ్యని కులం బిడ్డ రాష్ట్రంలోని గుళ్ల ఫైళ్ల మీద సంతకం పెట్టింది. తట్ట మోసే పనిలో కూడా ఒక నేర్పు ఉంటది, ఎట్ల ఎత్తాలె, ఎట్ల కారకుండ నడవాలె అని. ఆ నేర్పును ఎవరన్నా శ్రమగౌరవం అంటారా? కోలారు బంగారు గనుల ఊర్లో తెలుగు మాట్లాడే పాకీ కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ దాన్ని గౌరవించమని అడగలేదు. మరుగుదొడ్లు కూలగొట్టమన్నడు, సఫాయి కర్మచారి ఆందోళన్ మనుషులు గడ్డపారలు పట్టి కూలగొట్టిన్రు. నిషేధ చట్టం 1993లో ఒకటి, 2013లో ఇంకొకటి వచ్చింది. కొన్ని పనులకు చరిత్రే ఉండాలె, వారసులుండొద్దు.

ఈ తేడా చూడకుండా 'పిల్లలకు కులవృత్తులు నేర్పాలి' అనే మాట మళ్లీ మళ్లీ లేస్తుంటది. 1937లో వార్ధా పథకం చేతి పనిని చదువు నడిమిట్ల పెట్టింది. దాని ఉద్దేశం మంచిదే కావచ్చు. 1953లో మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీ ఇంకో అడుగు వేసిండు. పిల్లలకు సగం పూట బడి, మిగతా పూట తండ్రి పని. కులచదువు అని అక్కడి ద్రావిడ ఉద్యమం దుమ్మెత్తిపోసింది. 1954లో కామరాజ్ వచ్చి దాన్ని ఎత్తేసిండు. తండ్రి పని నేర్చుకో అంటే వకీలు కొడుక్కు ఒక అర్థం, లంద కాడి బిడ్డకు ఇంకో అర్థం. పోయిందనుకున్నం. 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించి, పద్నాలుగేండ్ల లోపు పిల్లలు బడి అయినంక, సెలవుల్లో, ప్రమాదం లేని ఇంటి పనుల్లో, కుటుంబ వృత్తుల్లో సాయం చేయొచ్చని రాసిన్రు. చదవడానికి ఎంత ముద్దుగ ఉన్నది. ఎవరి కుటుంబానికి ఏ వృత్తి రాసిపెట్టి ఉన్నదో తెలిసినోళ్లకు అది ముద్దుగ ఉండదు.

మా దిక్కు చట్టాల సంగతి కొత్త కాదు. అప్పు కింద మనిషిని, అతని ఇంటోళ్లను కట్టేసుకునే భాగేలా మీద నిజాం సర్కారు 1943లోనే నిబంధన తెచ్చింది. దేశమంతటికీ వెట్టి రద్దు చట్టం 1976లో వచ్చింది. మా అన్న 1981 దాకా జీతమున్నడు. నేను ఆ సంవత్సరమే కామారెడ్డి హాస్టలుకు పోయిన. ఈ రెండు వాక్యాలు ఒకదాని పక్కన ఒకటి ఎందుకు పెట్టిన్నో నా తోటి చదువుకున్నోళ్లకు వేరే చెప్పనక్కరలేదు. మనలో చాలామంది ఇండ్లల్ల ఒకరు కొట్టంల ఉంటేనే ఇంకొకరు హాస్టల్ల ఉన్నరు.

తర్వాత ట్రాక్టర్లు వచ్చినయి, బోర్లు పడ్డయి. నీళ్ల సప్పుడు విని గండి పట్టే చెవికి కూలి లేదు. మా అన్న కామారెడ్డి బెల్లం మండీల హమాలీ చేసిండు. అక్కడ కుదరక, మా జిల్లా పోరలు వేల మంది పోయినట్టే దుబాయి పోయిండు. ఏజెంటు తెచ్చిన కాయితం నేనే చదివి చెప్పిన. పని అనే గడిలో 'అన్‌స్కిల్డ్ లేబర్' అని ఉన్నది. అంటే ఏంది పిల్లా అని అడిగిండు. ఏ పనీ రానోడు అని అర్థమన్నా అని చెప్పిన. నవ్విండు. 'పటేలింటికి పోయి సూపియ్యాలె గీ కాయితం' అన్నడు.

ఆనాటి పిల్లలకు పనులెన్నో వచ్చు అని రాసేవాళ్లు ఆ పిల్లలు పెద్దయినంక ఏమయిన్రో రాయరు. పటేలు కొడుక్కు బండి తోలుడు వచ్చు, అది ఇప్పుడు మధురస్మృతి. మా అన్నకు అంతకు పదింతలు వచ్చు, అది గవర్నమెంటు లెక్కల్ల సున్న. పని రావడం, పని రాకపోవడం అన్నది చేతుల్లో లేదు, కాయితం రాసేవాడి దగ్గరున్నది.

మరి మనం ఎట్ల రాయాలె? ఇది నన్ను చాలా ఏండ్లుగా సతాయించే ప్రశ్న. మా అన్న నేర్పును గొప్పగ రాస్తే, చూసినవా ఎంత బాగ పెంచిన్రో అని పటేలు వారసులే మెచ్చుకుంటరు. ఏడుపుగ రాస్తే, ఆ నలభై గొడ్ల వరుస, ఆ చెవి, ఆ ముక్కు అన్నీ పోయి ఒక దెబ్బలు తిన్న పోరడే మిగులుతడు. మన కథల్ల ఎక్కువ భాగం ఈ రెండో గుంతల పడ్డయి. సానుభూతి కోరే బాల్యాలు. శ్యామల కథల్ల బాలమణి అనే పిల్ల ఉన్నది, తాటకి అని పిలుస్తరు. ఇంటి పని, పొలం పని చేసి, తెల్లారకముందే ఒక్కతి పొలానికి నీళ్లు కట్టబోతది. మీదికి వచ్చిన దొరను తన్ని బయటపడ్తది. అక్కడ పని ఆ పిల్లకు చాకిరీ కూడా, బలం కూడా. పారతో మట్టి ఎత్తిన కాళ్లూ చేతులే తన్నినయి. రచయిత్రి దేన్నీ తగ్గించలేదు. పని పెట్టినోన్ని వదిలిపెట్టలేదు, పని వచ్చిన పిల్లను చిన్నబుచ్చలేదు. నాకు తెలిసిన దారి ఇదే.

ఆడపిల్లల పని గురించి ఇంకొకటి మిగిలింది. మా దిక్కు బీడీలు చేయని వాడ లేదు. మా అక్క ఏడేండ్లకు కత్తెర పట్టింది. తునికాకు నానబెట్టి, తడిగుడ్డల చుట్టి, పొద్దున ఫర్మా పెట్టి కత్తిరించి, చాట ఒళ్లె పెట్టుకొని తంబాకు పోసి చుట్టుడు, దారం కట్టుడు, మూతి మడుచుడు. చీకట్ల కూడ చేసేది. వేలు చెప్తదట ఎక్కువైందా తక్కువైందా. కార్ఖానాల తూకానికి, ఏరివేతకు నిలబడే బీడీలు ఆమెవే అని మా అవ్వే చెప్పేది. రోజుకు వెయ్యి బీడీలు పోతే అందుల నాలుగొందలు ఆమెవి. కార్ఖానా వాళ్లు ఇంటికి ఒక్క బుక్కే ఇచ్చేటోళ్లు, అది మా అవ్వ పేరు మీద. పీఎఫ్ అవ్వ పేరు మీద. మా అక్క పెండ్లి అయి అత్తగారింటికి పోతే అక్కడ అత్త పేరు మీద.

తెలంగాణ వచ్చినంక బీడీ కార్మికులకు పింఛను పెట్టిన్రు. 2014 ఫిబ్రవరి నాటికి పీఎఫ్ నెంబరు ఉన్నవాళ్లకు. మా అక్క అప్పటికి నలభై ఏండ్లు బీడీలు చేసింది, ఎడమ చేతి చూపుడువేలు గోరు అరిగి సగమే ఉన్నది. ఎల్లారెడ్డిల కాయితాలు రాయించుకోను నన్ను తోలుకపోయింది. ఎన్నేండ్ల సంది చేస్తున్నవమ్మా అని రాసేటాయన అడిగిండు. ఏడేండ్ల ఈడు సంది అన్నది. ఆయన రాయకుండ నా దిక్కు చూసి, అట్ల రాస్తె ఎట్లమ్మా, కేసయితది, కాయితం మీద మొదలెప్పుడు అన్నడు. కాయితం మీద మొదలు లేదు.